అశ్వారోహణ చికిత్స - గ్రామస్థుల తోడ్పాటు



నేటి ప్రసంగవిషయము మీలో కొందఱకు క్రొత్తగా తోచవచ్చును. గుఱ్ఱపుస్వారి యనగానే మనకు రాజులు, సేనలు, పందెములు, పెండ్లి యూరేగింపులు జ్ఞప్తికి వచ్చును. నడువలేని బిడ్డను గుఱ్ఱము వెన్నుపై కూర్చుండబెట్టి, నిదానముగా నడిపించి, దానివలన ఆ బిడ్డ దేహమునకు కొంత నిలుకడను, మనస్సునకు కొంత ఉల్లాసమును కలిగింపవచ్చు నన్న మాట మన పల్లెలలో అంతగా వినబడదు. దీనినే అశ్వారోహణ చికిత్స యందురు. ఇది వైద్యుడొక్కనివలన నడచు పని కాదు. ఒక్క బిడ్డ అరగంట గుఱ్ఱమెక్కవలెనన్న, తఱచుగా ముగ్గురు సేవకులు ప్రక్కనే నడువవలసియుండును. జీతము లేకయే వచ్చి నడుచువారు దొరకని చోట ఈ చికిత్స నిలువదు. కావున దీని మంచిచెడ్డలను గ్రామస్థులు కూడ తెలిసికొనుట మేలని తలచి, ఈ విషయమును ఎన్నుకొంటిని.

మన కృష్ణాతీరమునకు గుఱ్ఱము పరదేశి కాదు. శ్రీకృష్ణదేవరాయలు మన దివిసీమకు చేరువనున్న శ్రీకాకుళమున ఆంధ్రవిష్ణుని సేవించి, కావ్యరచనకు ఆజ్ఞను స్వప్నమున పొందినట్లు ఆముక్తమాల్యద చెప్పుచున్నది. ఆ గ్రంథములోని రాజనీతి ఘట్టముననే, రేవులను చక్కగా నడిపి గుఱ్ఱములును, ఏనుగులును దేశములోనికి వచ్చునట్లు చూచుకొనవలెనని రాజునకు హితవు కలదు. అంత వెనుకకు పోనక్కఱలేదు. అరువదేండ్లు దాటినవారికి బందరులోను, గుడివాడలోను నడచిన జట్కాబండ్లు జ్ఞాపకముండును. జట్కా సాయిబుల యిండ్లలో గుఱ్ఱపు విద్య తండ్రినుండి కొడుకునకు సంక్రమించెడిది. ఏ గుఱ్ఱము బెదరునది, ఏది నెమ్మది గలది, చెవులు వెనుకకు వాల్చినచో దాని మనస్సులో ఏమున్నది యనునది వారు చూచినంతనే చెప్పగలిగెడివారు. ఆటోలు వచ్చిన పిమ్మట ఆ బండ్లును, వానితోపాటు ఆ విద్యయు మఱుగుపడినవి.

గుఱ్ఱమునకు మన సీమ ఋణపడిన విషయము మఱియొకటి కలదు. 2018వ సంవత్సరమున వర్షకాలములో దివిసీమయందు పాముకాట్లు మిక్కుటమై, జనులు భయభ్రాంతులైన సంగతి మీరెఱుగుదురు. పాముకాటునకు ఆసుపత్రిలో నెక్కించు విషహరౌషధము గుఱ్ఱపు రక్తమునుండియే తయారగుచున్నది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి యను నాల్గింటి విషమును హాని కలుగనంత స్వల్పమాత్రతో మొదలిడి, క్రమక్రమముగా హెచ్చించుచు గుఱ్ఱమున కెక్కింతురు. దాని రక్తములో విషమును విఱుచు పదార్థము పుట్టును. దానిని తీసి శుద్ధిచేసి మనకిత్తురు. పొలముగట్టున కాటు తిని బ్రతికిన రైతు, తాను కన్నెత్తియైన చూడని యొక గుఱ్ఱము చలువవలన బ్రతికినాడని చెప్పవచ్చును.

మన పురాణములు చదివినవారికి గుఱ్ఱమునకును వైద్యమునకును గల చుట్టఱికము తెలియనిది కాదు. దేవవైద్యులగు అశ్వినులు, సంజ్ఞాదేవి బడబారూపమున నున్నపుడు జనించినవారు. వారి యంశమున పుట్టిన నకులుడు విరాటుని కొలువున దామగ్రంథి యను పేర అశ్వశాలను కాచెను. నలుడు బాహుకుడై ఋతుపర్ణుని గుఱ్ఱములను నడిపెను. శాలిహోత్రుని పేర సంస్కృతమున అశ్వశాస్త్రము వెలసినది. తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసమును రచించెను. ఇవి యన్నియు గుఱ్ఱమునకును మనుష్యునకును గల చిరకాలస్నేహమునకు నిదర్శనములు. అంతేకాని, పురాణమున నున్నది గావున నేటి చికిత్స ఫలించునని నేను వాదింపను. చికిత్సకు ప్రమాణము చికిత్సలోనే వెదకవలెను.

ఈ పద్ధతికి లోకమున గౌరవము తెచ్చినది డెన్మార్కు దేశపు స్త్రీ, లిస్ హార్టెల్ అను నామె. ఆమె గుఱ్ఱపుస్వారిలో ఆరితేరినది. 1944వ సంవత్సరమున, 23 ఏండ్ల వయస్సున, గర్భవతియై యున్న సమయమున ఆమెకు పోలియో వ్యాధి సోకెను. బిడ్డ క్షేమముగా పుట్టెను గాని, ఆమెకు మోకాళ్ళ క్రింది భాగము శాశ్వతముగా చచ్చుబడెను. అయినను ఆమె పట్టు విడువక, పరుల సాయమున గుఱ్ఱమెక్కి మరల సాధన చేసెను. స్త్రీలు పురుషులతో సమానముగా అశ్వశిక్షణ పోటీలో పాల్గొనుటకు ఒలింపిక్ క్రీడలలో మొట్టమొదట అనుమతి లభించినది 1952వ సంవత్సరమున, హెల్సింకి నగరమున. ఆ తొలిపోటీలోనే ఆమె జూబిలీ యను గుఱ్ఱముపై రజతపతకము గెలిచెను. 1956లో మరల గెలిచెను. గుఱ్ఱమునుండి దిగుటకు ఒకరి చేయూత కావలసిన స్త్రీ, గుఱ్ఱముపై నుండగా లోకమున రెండవస్థానమున నిలిచినది. దీనిని చూచి యూరపు దేశములలో వైద్యులును, ఫిజియోథెరపిస్టులును ఈ మార్గముపై దృష్టి నిలిపిరి. 1969లో బ్రిటనులోను, అమెరికాలోను వికలాంగుల అశ్వారోహణమునకు జాతీయసంఘము లేర్పడినవి. 1996లో అట్లాంటా నగరమున జరిగిన వికలాంగుల ఒలింపిక్ క్రీడలలో గుఱ్ఱపుస్వారికి స్థానము కలిగినది.

మన దేశమున పోలియో తొలగినది. చివరి రోగి 2011 జనవరిలో కనబడగా, 2014 మార్చి 27న మన దేశము పోలియోరహితమని ప్రకటింపబడెను. కాని సెరిబ్రల్ పాల్సీ, అనగా మస్తిష్క పక్షవాతము, ఆటిజము, డౌన్ సిండ్రోము మొదలగునవి గల బిడ్డలు మన యూళ్ళలో నున్నారు. అశ్వారోహణ చికిత్స నేడు ముఖ్యముగా ఇట్టివారి కొఱకే.

ఇది ఎట్లు పనిచేయునో చెప్పెదను. మీరు నడుచునపుడు రెండు చేతులను నడుముపై నుంచుకొని గమనింపుడు. అడుగడుగునకు నడుము కొంచెము పైకి లేచి క్రిందికి దిగును. ఒక ప్రక్కనుండి మఱియొక ప్రక్కకు ఒఱగును. ముందునకు వెనుకకు స్వల్పముగా త్రిప్పబడును. గుఱ్ఱము నిదానముగా నడుచునపుడు దానిపై కూర్చున్నవాని నడుమునకు కూడ ఇంచుమించుగా ఇట్టి చలనమే కలుగును. ఎన్నడును నడచి యెఱుగని బిడ్డ నడుమునకు నడక యెట్లుండునో గుఱ్ఱము చెప్పుచున్న దన్నమాట. గుఱ్ఱము నిమిషమునకు సుమారు నూఱడుగులు వేయును. ఇరువది నిమిషములలో రెండువేల అడుగులు. ప్రతి యడుగునకును పడిపోకుండ నిలుచుటకై బిడ్డ మెడయు, వెన్నును, పొట్టకండరములును తమంతట తాము సర్దుకొనుచుండును. ఇంటిలో "నిటారుగా కూర్చో" అని తల్లి వేయిమార్లు చెప్పినను కలుగని అభ్యాసము ఇక్కడ ఆటగా కలుగును.

మఱి రెండు ఉపకారములు కలవు. గుఱ్ఱపు శరీరపు వేడిమి మన శరీరపు వేడిమికంటె కొంచెము హెచ్చు. అది ఫారన్‌హీటు మానమున 99 నుండి 101 డిగ్రీల వఱకు నుండును. ఆ వెచ్చదనమును, ఎడతెగని లయయు కలిసి, బిగిసియున్న కండరములను కొంత సడలించును. మస్తిష్క పక్షవాతము గల బిడ్డలలో కొందఱకు కాళ్ళు కత్తెరవలె పెనవైచుకొని యుండును. గుఱ్ఱపు వెన్నుపై కాళ్ళు చెఱియొక ప్రక్క వ్రేలవేయుటవలన ఆ తొడకండరములు మెల్లగా సాగును. మన శాస్త్రములు గుఱ్ఱపు గతులను ఐదుగా విభజించి పంచధారలని పేరిడినవి. చికిత్సకు వేగముతో పనిలేదు. కేవలమును సాధారణమైన నడక చాలును.

ఆటిజము గల బిడ్డల విషయము వేఱు. వారికి కాళ్ళు చేతులు బాగుగానే యుండును గాని, ఇతరులతో కలియుట, మాటాడుట, మనస్సును నిలుపుట కష్టము. 2015వ సంవత్సరమున అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున జరిగిన పరిశోధనయొకటి ప్రకటింపబడినది. 6 నుండి 16 సంవత్సరముల వయస్సు గల 127 మంది నందు చేర్చుకొని, చీట్లు తీసినట్లుగా రెండు జట్లు చేసిరి. ఒక జట్టు పది వారములు గుఱ్ఱపుస్వారి నేర్చినది. రెండవ జట్టు అదే కాలము గుఱ్ఱములను గుఱించిన పాఠములు విన్నది గాని, నిజమైన గుఱ్ఱమును తాకలేదు. స్వారి నేర్చినవారిలో చిరాకును, నిలుకడలేమియు తగ్గినవి. మాటల వాడుక పెఱిగినది. గుఱ్ఱము మాటలతో విసిగింపదు. మెత్తగా చెప్పిన వినును, కేకవేసిన బెదరును. తన నడవడికి ఫలము వెంటనే కనబడుచుండుటచే బిడ్డకు అది మంచి బడి యగుచున్నదని తలపవచ్చును.

ఇక దీని మేరలను చెప్పవలెను. ఇది మాత్రము దయచేసి చెవినిడి వినుడు.

నా పూర్వశిష్యుడొకడు, కొద్దిపాటి పొలము గల కాపు, తన యాడబిడ్డ విషయమై నా యొద్దకు వచ్చెను. ఆ పిల్లకు ఏడేండ్లు. పుట్టుకనుండి మస్తిష్క పక్షవాతము. ఎవరో అతనికి నగరమున గుఱ్ఱపు వైద్యము కలదనియు, ఆఱు నెలలలో పిల్లను నడిపింతుమనియు మాట యిచ్చిరట. "మేష్టారూ, ఉన్న అరెకరమూ అమ్మి ఆ వైద్యం చేయిస్తే మా పిల్ల నడుస్తుందాండీ?" అని యడిగెను. నేను, "పొలము అమ్మకు నాయనా. నడచునని ముందుగా మాట యిచ్చువాడు వైద్యుడు కాడు" అని చెప్పితిని.

ఏలయనగా, ఆ వ్యాధి పుట్టుకకు ముందో, పుట్టునపుడో, పుట్టిన కొలదికాలమునకో మెదడునకు కలిగిన గాయము వలన వచ్చునది. ఆ గాయమును గుఱ్ఱము మాన్పదు. మందును మాన్పదు. కూర్చుండు నిలుకడ, సమతూకము, కదలికలలో కొంత యభివృద్ధి కలుగుచున్నదని పరిశోధనలు చెప్పుచున్నవి. కాని వానిలో పెక్కు కొలదిమందిపై జరిగినవి. కావున దీనిని తక్కిన చికిత్సలకు తోడుగా గ్రహింపవలెనే కాని, వానికి మాఱుగా గ్రహింపరాదు.

ఆ పిల్లను మండలకేంద్రములోని భవిత కేంద్రమునకు తీసికొనిపొమ్మని చెప్పితిని. ప్రత్యేకావసరములు గల బాలబాలికల కొఱకు పాఠశాలావిద్యాశాఖ మన రాష్ట్రమున మండలములలో నడపుచున్న కేంద్రములివి. అచ్చటికి వచ్చు ఫిజియోథెరపిస్టు చాపను గట్టిగా చుట్టి, పైన బొంత కప్పి, పిల్లను దానిపై కాళ్ళు చెఱియొక ప్రక్కకు వేసి కూర్చుండబెట్టి, తల్లిచేత మెల్లగా అటునిటు ఊపించుట నేర్పెను. గడ్డి తినని గుఱ్ఱమన్నమాట! పినతండ్రి కొడుకులు వంతులవారీగా వచ్చి యెదుట కూర్చుండి ఆటలాడించిరి. ఏడాది గడచినది. పిల్ల నడువలేదు. కాని ఆనుడు లేక కూర్చుండి తన చేతితో తాను అన్నము తినుచున్నది. ఇదివఱకు ఒకరు పట్టుకొనగా మఱియొకరు తినిపింపవలసి యుండెడిది. ఆ తల్లికి ఈ మార్పు ఎంతటిదో నేను చెప్పనక్కఱలేదు. అరెకరమును నిలిచినది.

గుఱ్ఱమెక్కరాని వారును కలరు. తుంటికీలు తొలగినవారు, వెన్ను మిక్కిలి వంకరయైనవారు, అదుపులో లేని మూర్ఛ గలవారు, ఎముకలు పెళుసైనవారు, ఒఱపిడి పుండ్లు గలవారు ఎక్కరాదు. డౌన్ సిండ్రోము గల బిడ్డలలో కొందఱకు మెడపైనుండు మొదటి రెండు ఎముకల కూర్పు వదులుగా నుండును. అట్టివారిని ఎక్కించుట ప్రాణాపాయము. కావున వైద్యుని వ్రాతపూర్వకమైన అనుమతి లేక ఏ బిడ్డను ఎక్కింపరాదు. ఈ యనుమతి యడుగని కేంద్రమును నమ్మరాదు.

ఇప్పుడు సేవకుల పని. ఒకడు గుఱ్ఱపు పగ్గము పట్టి నడుపును. ఇద్దరు బిడ్డకు చెఱియొక ప్రక్క నడుతురు. పగ్గము పట్టినవాని దృష్టి గుఱ్ఱముపైననే యుండవలెను. ప్రక్క నడుచువారి దృష్టి బిడ్డపైననే యుండవలెను. ప్రక్కవాడు తన ముంజేతిని బిడ్డ తొడపై అడ్డముగా నుంచి, వ్రేళ్ళతో జీను ముందంచును పట్టుకొనును. బిడ్డను తనవైపునకు లాగరాదు, బిడ్డపై తన బరువు వేయరాదు. ఒక ప్రక్క బలము హెచ్చినచో బిడ్డ తూకము తప్పును. శిక్షకుడొక్కడే మాటాడవలెను. ముగ్గురు మూడు విధముల ఆజ్ఞలిచ్చిన బిడ్డ తికమకపడును. చేయి నొచ్చినచో గుఱ్ఱమును ఆపించి, ఒకరి తరువాత ఒకరు ప్రక్కలు మార్చుకొనవలెను. ఇద్దరు ఒక్కమాఱు బిడ్డను విడువరాదు. గుఱ్ఱము బెదరినచో పగ్గమువాడు గుఱ్ఱమును విడువరాదు. బిడ్డను ప్రక్కవారు చూచుకొందురు. ఇవి చిన్న నియమములు. కాని తలకు గట్టిటోపీ లేక ఎక్కించుట, పగ్గము చేతికి చుట్టుకొనుట వంటి చిన్న తప్పులే పెద్ద ప్రమాదములకు మూలము.

వీని యన్నింటికంటె కష్టమైన నియమము, చెప్పిన దినమున వచ్చుట. ఈ చికిత్స సాధారణముగా వారమున కొక దినము జరుగును. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినపుడు ఎక్కడెక్కడినుండియో సేవకులు వచ్చిరి. మనలను ఆదుకొనిరి. ఆపద వచ్చినపుడు పరుగెత్తుట మనుష్యస్వభావము. ఆపద సద్దుమణగి, పత్రికలు మఱచి, ఏడాది గడచిన పిమ్మటను వచ్చువాడు అరుదు. ఈ బిడ్డల యాపద ఒకనాటి యుప్పెన కాదు. అది ప్రతిదినము ఇంటిలో నుండునది. ఒక వారము ఇరువదిమంది వచ్చి, మఱుసటి వారము ఒక్కరును రాకున్నచో, బిడ్డ ఎక్కుటకు వీలులేక ఇంటికి పోవలెను. ఆటిజము గల బిడ్డకు తెలిసిన ముఖము కనబడకుండుటయే పెద్ద కలత. కావున ఇరువది దినములు ఉత్సాహపడువానికంటె, ఏడాదిపొడుగున శనివారము శనివారము తప్పక వచ్చువాడే గొప్ప సేవకుడు.

గుఱ్ఱమును గుఱించియు ధర్మము కలదు. అది నోరులేని సేవకుడు. ముక్కునకు సూటిగా ముందును, తోకకు సూటిగా వెనుకను దానికి కనబడదు. కావున భుజమువైపునుండి మాటాడుచు సమీపింపవలెను. చికిత్సకు ప్రాయము వచ్చిన, నెమ్మది గల గుఱ్ఱమే తగినది. చేతికఱ్ఱలు, చక్రాలకుర్చీలు, గొడుగులు, బిడ్డల కేకలు మొదలగువానికి బెదరకుండ దానిని ముందుగా అలవాటు చేయవలెను. జీనుతో కూడ దాని బరువులో అయిదవవంతుకంటె హెచ్చు మోయింపరాదని వాడుక. అనగా 300 కిలోల గుఱ్ఱము 60 కిలోలకు మించి మోయరాదు. రోజునకు కొద్ది గంటలే పని చేయింపవలెను.

ఎద్దును మేపినట్లు గుఱ్ఱమును మేపుదుమనుకొనుట పొరపాటు. ఎద్దు నెమరువేయును, గుఱ్ఱము నెమరువేయదు. దాని పొట్ట చిన్నది. కొంచెము కొంచెముగా దినమంతయు మేయవలెను. అది వాంతి చేసికొనలేదు. అందువలన పాడైన దాణా గాని, బూజుపట్టిన గడ్డి గాని తిన్నచో కడుపునొప్పి పుట్టి ప్రాణమునకే ముప్పు వచ్చును. రోజునకు 25 నుండి 40 లీటర్ల మంచినీరు కావలెను. ఉప్పునీరు పొంగు కోడూరు, నాగాయలంక ప్రాంతములలో ఇది సులభము కాదు. మన నల్లరేగడి బురదలో నిలిచిన గుఱ్ఱమునకు గిట్టలు చీకును. ఆఱెనిమిది వారములకొకమాఱు గిట్టలు చెక్కించవలెను. ధనుర్వాతమునకు టీకా వేయింపవలెను. మోటుపల్లి రాజ్యమును గుఱించి వ్రాసిన మార్కోపోలో, దక్షిణమున తమిళతీరపు రాజులు ఏటేట అపారధనము పోసి గుఱ్ఱములను కొనుచుండిరనియు, పోషించుట తెలిసినవారు లేక అవి చచ్చుచుండెననియు చెప్పియున్నాడు. ఆ ధనమునకు పట్టిన గతి మన చందాలకు పట్టరాదు.

దీనినిబట్టి గ్రామపెద్దలు చేయదగిన దేమి? ఉత్సాహవంతులు కొందఱు, "చందాలు వేసి గుఱ్ఱమును కొందము" అందురు. గుఱ్ఱమును కొనుట ఒకనాటి దానము. దానిని మేపుట నిత్యదానము. శిక్షణ పొందిన ఫిజియోథెరపిస్టు లేక గుఱ్ఱము కొనుట, పురోహితుడు లేక పందిరి వేయుట వంటిది. కావున మొదట మనుష్యులు, పిదప స్థలము, తుదకు గుఱ్ఱము. అట్టి కేంద్ర మెచ్చటనైన నడచుచున్నచో, మీరు ఇచ్చు ధనమును అడుగులేని పనులకు తగిలింపుడు. బిడ్డను ఎక్కించుటకు వాలుగా కట్టిన మెట్ట, నీడకు తాటాకు పందిరి, తల టోపీలు, మంచి గడ్డి, బిడ్డలను తెచ్చు ఆటో కిరాయి. ఇవి పేరు చెక్కించుకొనుటకు వీలులేని దానములు. అందుచేతనే ఎవరును ఇయ్యరు.

కేంద్రమును చూడబోయినపుడు అయిదు ప్రశ్నలు వేయుడు. వైద్యుని యనుమతి తీసికొందురా? చికిత్స చేయువారి యర్హత యేమి? బిడ్డకు ఎందఱు ప్రక్కన నడుతురు? గుఱ్ఱము దినమునకు ఎన్ని గంటలు పని చేయును? ఎంత మేలు కలుగునని మాట యిచ్చుచున్నారు? కడపటి ప్రశ్నకు "పూర్తిగా బాగగును" అని యుత్తరము వచ్చినచో, నమస్కరించి వెనుకకు మరలి రండు.

గుఱ్ఱము దొరకని యూరిలోను పని కొదవ లేదు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. 1999వ సంవత్సరపు జాతీయ న్యాస చట్టము క్రింద ఆటిజము, మస్తిష్క పక్షవాతము, బుద్ధిమాంద్యము, బహుళవైకల్యము గలవారికి నిరామయ యను ఆరోగ్యభీమా కలదు. అది లక్ష రూపాయల వఱకు నుపకరించును. సికిందరాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ బుద్ధిమాంద్యము గలవారి శిక్షణకు పేరొందినది. ఇవి యన్నియు కాగితముపై నుండియు, బిడ్డ ఇంటిలోని చీకటిగదిలో నున్నచో ప్రయోజనమేమి?

ఆ చీకటిగదికి తలుపు వేసినది బిడ్డ వ్యాధి కాదు, మన మాట. "పూర్వజన్మపాపము" అని మనమన్న మాటకు వెఱచి తల్లిదండ్రులు బిడ్డను దాచుదురు. శాస్త్రము చదివినవాడను గావున చెప్పుచున్నాను. ఎనిమిది వంకరలతో పుట్టిన అష్టావక్రుని చూచి సభ నవ్వినది. తుదకు ఆ సభకే ఆయన గురువైనాడు. నవ్వినవారి పేర్లు ఎవరికిని తెలియవు. బిడ్డ పాపమును లెక్కించు పని మనది కాదు. బిడ్డను లెక్కించు పని మాత్రము మనది.

కావున నా విన్నపము సులభమైనది. ఈ నెలలో మీ యూరిలో నడువలేని, మాటాడలేని, బడికి పోలేని బిడ్డ లెందఱున్నారో ఇల్లిల్లు తిరిగి వ్రాసికొనుడు. వారి పేర్లను భవిత కేంద్రమున నమోదు చేయింపుడు. ఒక్కొక్క బిడ్డకు ఇద్దరు చొప్పున, వారమున ఒక గంట తప్పక పోగలవారిని ఏర్పఱపుడు. గుఱ్ఱపు జీను ప్రక్క నడచుటకు ఏ నియమము కావలెనో, చాపచుట్ట ప్రక్క కూర్చుండుటకును ఆ నియమమే కావలెను. ఒకనాడు నిజముగా గుఱ్ఱము మీ యూరికి వచ్చినచో, దాని ప్రక్క నడుచుటకు తగినవారు అప్పటికి సిద్ధముగా నుందురు. జట్కా తోలిన వృద్ధులెవరైన మీ చెంత మిగిలియున్నచో, ఆయనను కూడ పిలిచి కూర్చుండబెట్టుకొని, గుఱ్ఱపు చెవుల భాష ఇప్పుడే నేర్చుకొనుడు.